మూడో తరగతి వాడితో రాజీ

శిక్షణ ఇచ్చే ఉద్యోగంలో ఒక సుఖం ఉంది. చేయవలసిన పని ఎప్పుడూ ఎదుటివాళ్ళదే. రిటైరవడానికి ముందు ఏడాది దాకా నేను ఆ సుఖంలోనే బతికాను. ప్రొద్దుటూరులో మా మండల వనరుల కేంద్రంలో ఫ్యాను కింద నిలబడి, దువ్వూరు నుంచీ రాజుపాలెం నుంచీ కలమల్ల వైపు నుంచీ వచ్చిన టీచర్లకు పిల్లల్ని ఎలా సముదాయించాలో చెప్పేదాన్ని. ఆ సమయంలో ఇంట్లో నా పిల్లల్ని మా అత్తగారు సముదాయిస్తూ ఉండేది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీరు నన్ను పెద్దమ్మనుకుని సలహా అడుగుతున్నారు కాబట్టి ఈ సంగతి ముందే చెప్పేయడం న్యాయం.

ఆ ఏడు పైనుంచి ఒక కొత్త పాఠం దిగింది. మా శాఖలో అన్నీ పైనుంచే దిగుతాయి, వాన తప్ప. ఈసారి దిగింది గొడవ చేసే పిల్లల గురించి. అరిచేవాళ్ళు, పలకలు విసిరేవాళ్ళు, కొరికేవాళ్ళు, గోడ దూకి పారిపోయేవాళ్ళు. వాళ్ళను కొట్టడమూ వద్దు, బెల్లం పెట్టి బతిమాలడమూ వద్దు. టీచరూ తల్లిదండ్రులూ పిల్లవాడూ ఒకచోట కూర్చుని నీ ఇబ్బందేమిటి, నా ఇబ్బందేమిటి, ఇద్దరికీ కుదిరేదేమిటి అని కలిసి తేల్చుకోవాలి. సారం ఇంతే. దీన్ని తలగడంత పుస్తకం చేసి పంపారు. భోజనాల తర్వాత కొందరు దాన్ని తలగడగానే వాడుకున్నారు కూడా. శిక్షకూ శిక్షణకూ తేడా ఒక్క అక్షరమే; మా ఊరి మధ్యాహ్నపు ఎండకు అది కూడా రాలిపోయేది.

పాఠంతోపాటు కోస్తా నుంచి ఒక నిపుణుడు కూడా దిగాడు. మంచి మనిషి. ప్రతి వాక్యం చివర 'సహకారం' అనేవాడు. మా వైపు సహకారంలో 'సహ' తక్కువ, 'కారం' ఎక్కువ అని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. మొదటిరోజే ఒక నాటకం వేయించబోయాడు. జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక హెడ్మాస్టరును లేపి, "మీరు గొడవ చేసే పిల్లవాడు అనుకోండి" అన్నాడు.

హెడ్మాస్టరు తెల్లచొక్కా, నెరిసిన మీసం, భూమీ పుట్రా ఉన్న ఇంటి మనిషి. లేచాడు గానీ కదలలేదు.

"నేను పిల్లోన్ని ఎట్లయితానప్పా? నాకు మనమరాలు ఉండాది."

"ఊరికే నటన సార్."

"నటనకయినా ఒక అంతుండాల గదప్పా. మాకు పిల్లోడు కావాలంటే ఒకడుండాడు. వాన్నే పట్టకొస్తా, నువ్వే నటించుకో."

హాలంతా నవ్వింది. ఆయన పక్కన కూర్చున్న అదే బడి అసిస్టెంటు టీచరు మాత్రం నవ్వలేదు. నవ్వితే కుడిచేతి కట్టు కదిలి నొప్పి పుట్టేట్టుంది. ఏమైందని అడిగాను.

"మూడో తరగతి పిల్లోడు కరిసినాడు మేడమ్. టీటీ సూదేయించుకున్యా."

"ఊరికే కరవలా మేడమ్," హెడ్మాస్టరు అందుకున్నాడు. "వాని అబ్బ మాదిరి కరిసినాడు. నేనెప్పుడూ చెప్తాంటా వానికి, నీయబ్బ మాదిరే తయారయితాండావు గదరా అని."

నిపుణుడు ఉలిక్కిపడ్డాడు. ఆయన చెవికి అది తిట్టు. మా వైపు నాయన నాయనను అబ్బ అంటారని నేను గొణిగి చెప్పాక కుదుటపడ్డాడు గానీ, ఆ రోజంతా హెడ్మాస్టరుకు రెండు కుర్చీల దూరంలోనే నిలబడ్డాడు.

పులివెందుల చీనీపండ్లకు పేరుపడితే, ఈ పిల్లవాడి వల్ల ఆ బడి పండ్లకు పేరుపడింది. ఒక అమ్మాయి జడ, ఒక అబ్బాయి భుజం, చివరికి టీచరు చెయ్యి. హెడ్మాస్టరు తీర్పు కూడా అక్కడే చెప్పేశాడు. ఇంకొక్కసారి పన్ను పడితే టీసీ. నిపుణుడికి ఉత్సాహం వచ్చింది. "అయితే మన పాఠాన్ని మీ బడిలోనే అమలు చేద్దాం. నెలాఖరుకు నేనొచ్చి ఫలితం చూస్తాను" అన్నాడు. అమలు చేసే బాధ్యత నాకు అప్పగించాడు. నా సుఖం అక్కడితో ముగిసింది.

రెండురోజులకు ఆ పిల్లవాడి తల్లి నన్ను వెతుక్కుంటూ ప్రొద్దుటూరు వచ్చింది. బట్టల అంగళ్ళకు చీరల ఫాల్సు కుట్టి ఇస్తుంది. చేతిలో మూటతోనే నిలబడి మాట్లాడింది.

"టీసీ ఇయ్యకుండా చూడు మేడమ్. టీసీ ఇస్తే ఇంగ ఏ బళ్ళోనూ ఎత్తుకోరు. కరిసే పిల్లోడని జమ్మలమడుగు దాకా తెల్సిపాయ. వాళ్ళ నాయన లారీ తోల్తాడు. బడి ల్యాకపోతే నాతోపాటు లారీలో యేసుకపోతా అంటాండాడు. పోతే ఇంగ వాడు మల్లా బడి మొకం సూడడు."

నేను పుస్తకంలో నేర్పిన చిరునవ్వు నవ్వి ధైర్యం చెప్పాను. ఆమె నా ముఖం చూసి ఏమీ ధైర్యపడినట్టు కనబడలేదు.

మొదటి సమావేశం హెడ్మాస్టరు గదిలో పెట్టాం. కలిసి కూర్చోవడం అన్న మాట ఊళ్ళో ఎలా పాకిందో, పిలిచినవాళ్ళూ వచ్చారు, పిలవనివాళ్ళూ వచ్చారు. బడి కమిటీ చైర్మనూ, ఇద్దరు ఊరి పెద్దలూ వచ్చి కూర్చున్నారు. టీలు వచ్చాయి. నేను పాఠం ప్రకారం ఇబ్బంది ఏమిటని అడిగాను. అందరూ ఎంతో సహకారంగా పిల్లవాడి వంశావళి చెప్పుకొచ్చారు.

"వాని అబ్బ గూడా ఇట్లే మేడమ్."

"ఇట్లేనా? ఇంతకంటే శానా ఎక్కువ."

"రక్తం యాడికి పోతాదప్పా!"

పిల్లవాడు గోడకు ఆనుకుని ఒక్కొక్కరి నోటి వైపూ చూస్తున్నాడు. బక్కగా ఉన్నాడు. చొక్కాకు ఒక గుండీ లేదు. నేను వాడికెదురుగా వంగి, కళ్ళలోకి చూసి, చిరునవ్వుతో, "నీ ఇబ్బందేంటో చెప్పు నాన్నా" అన్నాను. వాడు నా వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, రెండిట్లో కిటికీయే మేలనుకున్నాడు. ఊచలు లేని కిటికీ అది. తర్వాత వాణ్ణి శనగచేనులోంచి పట్టుకొచ్చారు.

హెడ్మాస్టరు నిట్టూర్చాడు. "సూడు మేడమ్. మూడో తరగతి వానికెదురుగా కూచ్చోని మాట్లాడల్లంటే నాకు తలవంపు. వానిగ్గూడా అట్లే ఉండాదేమో, దూకె. మా ఊర్లో అంతంత రాజీలు జరిగినాయి, ఎవురన్నా ఎదురెదురుగా కూచ్చున్యారా? ఒక పార్టీ ఈ ఇంట్లో, ఇంగో పార్టీ ఆ ఇంట్లో. నడాన ఇద్దరూ ఒప్పుకున్న మనిషొకడు తిరగాల. ఎదురుగా కూచ్చుంటే మాటకు మాట పెరుగుతాది. ఇది తెలీకుండా మీవోల్లు పుస్తకమెట్ల రాసిరో!"

ఆయన అన్నది పుస్తకాన్ని వెక్కిరించడానికే. నాకు మాత్రం వేరే దారి ఏదీ తోచలేదు.

"అయితే అట్లే చేద్దాం సార్. మీరు ఈ గదిలో, వాడు ఆ వరండాలో."

"యాందీ? పిల్లోనితో రాజీనా?"

"మీరే కదా సార్ పద్ధతి చెప్పింది."

ఆయన ఊరి పెద్దల వైపు చూశాడు. వాళ్ళకు కొత్త టీ వచ్చింది, వినోదం వచ్చింది. "కానీప్పా, సూద్దాం" అన్నారు. ఇక వెనక్కి తగ్గితే పరువు తక్కువ. అలా మా శాఖ చరిత్రలో మొదటిసారి ఒక పాఠం పైనుంచి దిగకుండా పక్కనుంచి వచ్చింది.

హెడ్మాస్టరు ఆఫీసు గదిలో పెద్దలతో కూర్చున్నాడు. బడి ఆవరణకు అవతల మూడో తరగతి వరండాలో పిల్లవాడూ తల్లీ కూర్చున్నారు. నడిమి మనిషిగా నేనుంటానన్నాను. హెడ్మాస్టరు ఒప్పుకున్నాడు. రెండో పక్షం కూడా ఒప్పుకోవాలి కదా, వాడి దగ్గరికి పోయి అడిగాను.

"నువ్వొద్దు."

"ఎందుకు నాన్నా?"

"ఊరికెనే నవ్వుతాంటావు."

ఎన్నో ఏళ్ళు, ఎన్నో శిక్షణలు, చేతినిండా సర్టిఫికెట్లు. మూడు మాటల్లో అయిపోయాయి. తల్లి వాడి తొడ గిల్లింది. నేను వద్దన్నాను. నిజానికి ఆ పూట నాతో ఎవరన్నా మాట్లాడిన మొదటి నిజం అదే. "మరి ఎవరు కావాలి?" అని అడిగితే వాడు వేలెత్తి చూపించాడు. వేలు చివర అసిస్టెంటు టీచరు ఉన్నాడు, కట్టు కట్టుకుని.

"నేనా?" ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "మేడమ్, నాకింగ ఈ చెయ్యొగటే మిగిలింది."

"ఆ సారే ఎందుకురా?" అని అడిగాను.

"నేను కరిస్తే 'అమ్మా' అనె. అంతే. మా అబ్బనేమీ అనల్యా."

టీచరు రెండుచేతులూ వీపు వెనక దాచుకుని బయల్దేరాడు. బడి కిటికీలన్నిటికీ తలలు మొలిచాయి. మొదటి మాట హెడ్మాస్టరుది: "కరిసేది మానుకొమ్మను. ల్యాకుంటే టీసీ." టీచరు ఆవరణ దాటి, పిల్లవాడికి కొంచెం దూరంలో ఆగి, "సారు నిన్ను శానా బాగా సదువుకొమ్మంటాండాడు నాయనా" అన్నాడు.

"అట్లనల్యా. నాకు ఇనపడింది."

"సరేలే. నువ్వేమంటావు?"

"ఆ సారు నోరు మూసుకుంటే నేనూ మూసుకుంటా."

టీచరు తిరిగి ఆవరణ దాటాడు. గది ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మీరంటే వానికి శానా గౌరవమంట సార్."

అవతలి వరండా నుంచి కేక: "నేనట్ల చెప్పలా!"

కిటికీలన్నీ ఒక్కసారి పగలబడి నవ్వాయి. మా వైపు నడిమి మనిషికి మాటకు ఇంత చక్కెర కలపడం అలవాటు. దారిలో కాస్త తియ్యబడకపోతే అసలు రాజీలే కుదరవంటారు. కానీ ఇక్కడ రెండు పక్షాలకూ మధ్య దూరం తక్కువ, రెండో పక్షానికి చెవులు ఎక్కువ. "చక్కెర వద్దు, మాట ఎట్లా ఇస్తే అట్లా తీసుకుపో" అన్నాను. టీచరు దేవుణ్ణి తలచుకున్నాడు.

ఈసారి పిల్లవాడి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు. వాడు తల వంచుకుని ఏదో చెబుతుంటే ఈయన ఒక మెట్టు దగ్గరగా జరగడం చూశాను. వీపు వెనక దాచిన చేతులు ఎప్పుడు ముందుకొచ్చాయో ఆయనకే తెలియదు. తిరిగొచ్చి, హెడ్మాస్టరు ముఖం చూడకుండా, వాడి మాటను ఉన్నదున్నట్టే అప్పగించాడు.

"'మా అబ్బ ఏంజేసినాడో చెప్పండి' అంటాండాడు సార్. చెప్పల్యాకపోతే ఆ మాట ఎత్తొద్దంటాండాడు."

హెడ్మాస్టరు నోరు తెరిచాడు.

"ఏంజేసినాడంటే... ఊరందరికీ తెల్సు గదా!"

"ఏం తెల్సు సార్?"

"ఏమో చేసినాడంటప్పా." చైర్మను వైపు తిరిగాడు. "నువ్వు చెప్పుప్పా."

"చీనీచెట్లు నరికినాడని గదా మా నాయన అంటాండె."

"చెట్లు కాదులే," ఒక పెద్దమనిషి అన్నాడు. "బాయికాడ మోటరెత్తుకపోయినాడు."

"మోటరెత్తుకపోయింది ఈయప్ప కాదు, వాళ్ళన్న," అన్నాడు రెండో పెద్దమనిషి. "ఈయప్ప ఎవురితోనూ మాట్లాడేటోడే కాదు. అందుకే భయపడుతాంటిమి."

నేను వరండాలోకి పోయి తల్లిని అడిగాను. ఆమె ఒడిలో కొంగు నలుపుతోంది. "నేను కోడలుగా వచ్చేతలికే ఆయప్ప ల్యాడు మేడమ్. నా మొగున్ని అడిగితే నా మీదికి కొట్టొచ్చినాడు. వీడు వచ్చి నన్నడిగితే..." వాడి వైపు చూసింది. "తెలీక, వీన్ని కొట్టినా."

ఊరు ఊరంతా ఒక పిల్లవాడికి రోజూ ఒక పేరు గుర్తుచేస్తోంది. ఆ పేరు వెనక ఏముందో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. వాడికి మాత్రం ఆ పేరు తనదేనని రోజూ చెబుతున్నారు. నేను పాఠాలు చెప్పినన్నాళ్ళూ మొండి పిల్లలను గురించి చెప్పాను గానీ, మొండి ఊళ్ళను గురించి ఎవరూ తలగడ పంపలేదు.

హెడ్మాస్టరు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత, ఇది మాత్రం ఆయన గొప్పతనమే అనాలి, దబాయించలేదు. "నా ఇబ్బంది గూడా చెప్పు వానికి," అన్నాడు టీచరుతో. "ఇంగో బిడ్డను కరిస్తే ఆ బిడ్డ నాయన వచ్చి నన్ను కదా నిలదీసేది? నేనేం జవాబు చెప్పేది? వాన్నే అడుగు."

వాడు ఆలోచించాడు. కిటికీల్లోంచి సలహాలు కూడా వచ్చాయి. చివరికి తేలింది ఇది. బడిలో ఏ టీచరూ అబ్బ మాట ఎత్తకూడదు. ఎవరన్నా ఎత్తి, వాడికి పండ్లు దురద పుడితే, కరవకుండా పోయి అసిస్టెంటు టీచరు పక్కన నిలబడాలి. "నా పక్కనే ఎందుకు?" అని టీచరు ఒకసారి అడిగి చూశాడు గానీ ఎవరూ వినలేదు.

"రాజీ అంటే రాజీ," హెడ్మాస్టరు లేచి పంచె సర్దుకున్నాడు. "మాట తప్పినోడు మా ఊర్లో తలెత్తుకోని తిరగల్యాడు."

నాలుక అంత తొందరగా రాజీపడదు కదా. మర్నాడే ప్రార్థనకు వాడు ఆలస్యంగా వస్తే హెడ్మాస్టరు, "ఏంరా, నీ అబ్..." అని ఆగి, మింగి, "...అబ్సెంటు ఎందుకయినావురా నిన్న?" అన్నాడు. "నిన్న వచ్చినా గద సార్, రాజీకి," అన్నాడు వాడు అమాయకంగా. వాడు నవ్వగా చూడటం అదే మొదటిసారని టీచరు నాకు ఫోను చేసి చెప్పాడు.

తర్వాత నేను పాఠం చెప్పాల్సిన పులివెందుల శిక్షణకు ఈ కబురు నాకంటే ముందే చేరింది. నేను హాల్లో అడుగు పెట్టేసరికి టీచర్లు రెండు వరండాల్లో సర్దుకుని కూర్చున్నారు. నడిమి మనుషులను వాళ్ళే ఎన్నుకున్నారు. పిల్లవాణ్ణి అడగాలన్న సంగతి తప్ప మిగతాదంతా నేర్చుకున్నారు. "నడిమి మనిషికి టీఏ వస్తాదా మేడమ్?" అని ఒకాయన అడిగాడు. అడిగిన తీరు చూస్తే, వస్తే ఆయనే అన్ని బళ్ళకూ తిరిగేట్టున్నాడు.

నెలాఖరు వచ్చింది. నిపుణుడు బడికి వచ్చాడు. ఆయనతోపాటు సభకు పెద్దగా, ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మాట చెప్పే ఒక పెద్దమనిషి కూడా వచ్చాడు. ఆయన నవ్వితే ట్రాన్స్‌ఫర్లు ఆగుతాయి, దగ్గితే జరుగుతాయి. ఆయన ముందర మా హెడ్మాస్టరు కూర్చోవడం ఎవరూ చూడలేదు. చేతులు కట్టుకుని నిలబడే ఉంటాడు. పూలగుచ్ఛం ఇవ్వడానికి మన పిల్లవాణ్ణే పెట్టాం. బుద్ధి నాదే. ఫలితం అందరికీ కనబడాలని.

వాడు తల దువ్వుకుని, ఉన్న గుండీలన్నీ పెట్టుకుని వచ్చి గుచ్ఛం ఇచ్చాడు. పెద్దమనిషి ముచ్చటపడి వాడి గడ్డం పట్టుకున్నాడు.

"ఎవురి పిల్లోడప్పా ఈడు?"

ఎవరో తండ్రి పేరు చెప్పారు.

"ఓహో! వాని కొడుకా! అంటే ఆ ముసిలోని మనమడు గదా. అదీ సంగతి. సూపు సూడు, అచ్చం వాళ్ళ అబ్బ..."

వాడి దవడ బిగియడం నేను చూశాను. అసిస్టెంటు టీచరు మైకు వైరు చుట్టుకుంటూ ఆవరణ అవతల ఉన్నాడు. పెద్దమనిషి వేళ్ళు గడ్డం మీదే ఉన్నాయి, పండ్లకు ఒక్క వేలెడు దూరంలో. ఆ వేళ్ళకు ఏమన్నా అయితే టీసీ ఒక్క బడికే పరిమితం కాదు. బడి గేటు పక్కన తల్లి నిలబడి ఉంది. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నా పెదవుల మీదైతే చిరునవ్వు కూడా మిగల్లేదు.

"అప్పా," అన్నాడు హెడ్మాస్టరు.

కట్టుకున్న చేతులు విప్పుకున్నాడు.

"ఆ మాట ఎత్తొద్దప్పా."

"ఏంది?"

"ఆ మాట ఎత్తకూడదని రాజీ అయ్యింది."

'రాజీ' అన్న మాట వినగానే ముందు వరసలో ఉన్న పెద్దలందరూ నిటారుగా కూర్చున్నారు. పెద్దమనిషి కనుబొమలు ముడిపడ్డాయి. తనకు తెలియకుండా ఈ చుట్టుపక్కల ఒక రాజీ జరగడమా!

"ఎవురితో?"

"ఈయప్పతో."

పెద్దమనిషి అటూ ఇటూ చూశాడు. అప్ప అనదగినవాళ్ళు ఎవరూ కనబడలేదు. చివరికి కిందికి చూశాడు.

"ఈ పిల్లోనితోనా?"

"ఔనప్పా. మాటిచ్చినా. మాకు తెలీని మాట మేమనగూడదు."

నిపుణుడు నా చెవి దగ్గర, "ఇది మన పుస్తకంలో ఎన్నో మెట్టు మేడమ్?" అన్నాడు. నేను హెడ్మాస్టరునే చూస్తున్నాను. హెడ్మాస్టరు మెడ మీద చెమట కాలరులోకి దిగుతోంది. ఆయనకింకా కొద్ది సర్వీసే ఉంది. ఆ కాస్తా ఏ మారుమూల ఊళ్ళో గడపాల్సి వస్తుందో ఆ మనిషి దగ్గులో ఉంది.

పెద్దమనిషి దగ్గలేదు. మెల్లగా పిల్లవాడి గడ్డం వదిలాడు. ఆయన ఎన్ని రాజీలు చేయించాడో, అందులో ఎన్ని నిలబడ్డాయో ఆయనకే తెలియాలి. "మాటిచ్చింటే సరే," అన్నాడు. తర్వాత, వాడికి మాత్రమే వినబడేలా అన్నాననుకున్నాడేమో, మాకందరికీ వినబడింది. "నాకు తెల్దులేప్పా."

సభ సాగింది. సహకారం గురించి నిపుణుడు ఎంతో మాట్లాడాడు. పిల్లవాడు మాత్రం ఒప్పందం ప్రకారం అసిస్టెంటు టీచరు దగ్గరికి పోలేదు. వచ్చి హెడ్మాస్టరు పక్కన నిలబడ్డాడు. ఆయన ముందుకే చూస్తూ, పెదవులు కదపకుండా అడిగాడు.

"కరవకపోతివే?"

"నాకంటే ముందే నువ్వు ఎత్తొద్దంటివి గద సార్."